విద్యాఫలం ఎవరిది?

“ఆడపిల్లకు చదువెందుకు? అది అత్తవారింటికి పోయే ధనమే కదా!” అని ధర్మం పేరిట వాదించేవారు నేటికీ ఉన్నారు. మరికొందరు విద్యను జీతంతో మాత్రమే కొలుస్తారు. ఈ రెండు వాదాలకూ మూలం ఒక్కటే: విద్యాఫలం ఆర్జించిన వ్యక్తికీ, అతని ఇంటికీ మాత్రమే చెందుతుందన్న భ్రాంతి.

శ్రుతి దీనిని అంగీకరించదు. అధ్యయనం ఋషిఋణవిమోచనమని వైదికసిద్ధాంతం. ఋణం తీర్చే కర్మ స్వార్థసాధనం ఎట్లా అవుతుంది? తైత్తిరీయ శీక్షావల్లి స్వాధ్యాయంతోపాటు ప్రవచనాన్నీ విధించింది. నేర్చినది పంచనివాడు విధిని సగమే పాటించినట్లు.

బృహదారణ్యకం పండితురాలైన కుమార్తెను కోరే దంపతులకు ప్రత్యేకవిధిని చెప్పింది. ఆ పాండిత్యం గృహకృత్యవిషయమేనని భాష్యకారులన్నారు కదా అని ఆక్షేపణ. అయితే అదే ఉపనిషత్తులో, జనకసభలో, గార్గి యాజ్ఞవల్క్యుణ్ణి ప్రశ్నించి అక్షరతత్త్వాన్ని చెప్పించింది. అది వంటింటి ప్రశ్న కాదు.

పోనీ, గృహకృత్యమే అనుకుందాం. శిశువు మందుసీసాపై మోతాదు చదవడం, టీకా తేదీ గుర్తించడం, సంతకం పెట్టేముందు అప్పుపత్రం పరిశీలించడం గృహకృత్యాలు కావా? తల్లి అక్షరాస్యత పెరిగినచోట శిశుమరణాలు తగ్గడం లోకానుభవం. ఆ ఫలం ఒక్క ఇంటితో ఆగదు. అయినా 2011 జనగణన నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులైన స్త్రీలు నూటికి అరవైమందికి మించలేదు.

వసంతపంచమినాడు సరస్వతికి పుష్పార్చన చేసి, మరునాడు కుమార్తెను బడి మాన్పించేవాని పూజ ఏ దేవతకు చేరుతుంది?