మనింటి సరుకు: ఫొటో మిషిను కొనే ముందు, డిస్కు కొనే ముందు



పోయిన నెల కుట్టు మిషినుకి మోటారు పెట్టించుకోవడం గురించి రాసేను. అది చదివి మా వీధిలో కోడలు పిల్ల ఒకర్తి ఇంటికొచ్చింది. "తాతా, మా ఆయన సూరత్ నుంచి డబ్బులు పంపించేడు. ఇంట్లోనే ఫొటోలు ప్రింటు తీసే మిషిను కొనుక్కోమంటున్నాడు. పిల్లడి పుట్టినరోజు వీడియో డిస్కులో ఎక్కించి, దాని మీద పిల్లడి బొమ్మ అచ్చేసి మా అత్తకి ఇవ్వాలని నాకు ఆశగా ఉంది. ఏది కొనమంటావు?" అని అడిగింది.

చూస్తే పాతిక వేల మాట. పన్నెండు గంటలు లూమ్ దగ్గర నిలబడి సంపాదించిన డబ్బు. నోటికొచ్చింది చెప్పడానికి లేదు. ఒక వారం ఆగమన్నాను. బొడొబజార్ వెళ్లి నాలుగు దుకాణాలు తిరిగేను. తెలిసిన స్టూడియోలో కూర్చుని చూసేను. తెలుసుకున్నది మీ అందరికీ చెప్తున్నాను.

ఈ ఫొటోల సంగతి నాకు ఎందుకు పట్టిందో ముందు చెప్పాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి మన గోసాని నువాగాంలో కన్ను మూసినవాళ్లు లేరు. మా ఇంటి రేకులు లేచిపోయేయి. ట్రంకు పెట్టెలో ఉన్న ఆల్బమ్ తడిసి అట్టలా ముద్దకట్టేసింది. గోడ మీద మా పెళ్లి ఫొటో ఉండేది, బ్లాక్ అండ్ వైట్‌ది. నీళ్లు లోపలికి దిగి ఆ ఫొటో అద్దానికి అంటుకుపోయింది. మీ వదిన అప్పటికి పోయి రెండేళ్లు. ఆమె మొహం చూసుకోవడానికి నాకు మిగిలింది ఆ ఒక్కటే.

నేను తొందరపడి అద్దం నుంచి పీకబోయేను. ఒక మూల ఊడి అద్దానికే ఉండిపోయింది. ఒక స్టూడియో కుర్రాడు నా చెయ్యి పట్టుకుని ఆపేడు. అద్దంతో పాటే స్కానర్ మీద బోర్లా పెట్టి కాపీ తీసేడు. మీ ఇళ్లల్లో ఎవరికైనా ఇలా జరిగితే ఫొటో పీకకండి. అద్దంతోనే తీసుకెళ్లండి.

కాపీ బాగానే వచ్చింది గానీ, దాన్ని వేరేచోట ప్రింటు తీయిస్తే మీ వదిన మొహం కాస్త ఆకుపచ్చగా వచ్చింది. బ్లాక్ అండ్ వైట్ ఫొటోకి ఆకుపచ్చ ఎక్కడిదని అడిగితే, మిషిను అంతేనన్నారు. సూరత్ పాండేసరాలో డైయింగ్ మిల్లులో ఇరవై ఆరేళ్లు రంగులు కలిపినవాణ్ణి. మిషిను అంతే అంటే ఊరుకోలేకపోయేను.

రంగులు నాలుగా, ఆరా?

ఇంట్లో వాడే రంగు ప్రింటర్లలో ఎక్కువ భాగం నాలుగు రంగులవి. నీలం, గులాబీ, పసుపు, నలుపు. పిల్లల ప్రాజెక్టులకి, ఆధార్ జిరాక్సుకి అవి చాలు. మొహాలకి వచ్చేసరికి తేడా తెలుస్తుంది. మన మిల్లులో లేత రంగు కావాలంటే రంగుని పల్చన చేసేవాళ్లం. ప్రింటరు అలా పల్చన చెయ్యలేదు. చుక్కలు దూరం దూరంగా వేసి లేతగా కనిపించేలా చేస్తుంది. అందుకే బుగ్గల మీద, నుదుటి మీద సన్నని ఇసక చల్లినట్టు ఉంటుంది. ఆరు రంగుల మిషినులో లేత నీలం, లేత గులాబీ వేరే సీసాల్లో ఉంటాయి. మొహం నున్నగా వస్తుంది.

బ్లాక్ అండ్ వైట్ ఫొటోని కూడా ఈ మిషిన్లు నలుపు ఒక్కదానితో తియ్యవు. మూడు రంగులు కలిపి బూడిద రంగు చేస్తాయి. అందులో ఒకటి ఎక్కువైతే ఆకుపచ్చో, వంకాయ రంగో తేలుతుంది. సీసాల్లో అసలు కంపెనీ ఇంకు కాక వేరేది పోస్తే ఇంకా ఎక్కువ తేలుతుంది. ఒక్కో లాటు రంగు ఒక్కోలా ఉంటుందని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

డిస్కు మీద కూడా అచ్చెయ్యాలంటే ఎంచుకోవడానికి ఎక్కువ లేవు. ఎప్సన్‌లో ఎల్805 అని ఆరు రంగుల సీసాల మిషిను ఉండేది. దాని తర్వాత ఎల్8050 వచ్చింది. ఈ రెండూ ఫొటో కాగితం మీదా, డిస్కు మీదా అచ్చేస్తాయి. ఎల్8050 అయితే ప్లాస్టిక్ గుర్తింపు కార్డుల మీద కూడా వేస్తుంది. డిస్కు పెట్టడానికి ఒక పళ్లెం లాంటి ట్రే ఇస్తారు. కొనేటప్పుడు ఆ ట్రే పెట్టెలో ఉందో లేదో మీ కళ్లతో చూడండి. పాత మిషిను కొంటే మరీను. ట్రే లేకపోతే డిస్కు పని లేదు.

కానన్ సెల్ఫీ సిపి1500 అని చిన్నది ఇంకోటి ఉంది. అది పోస్టుకార్డు సైజు దాకా ఫొటోలే తీస్తుంది. డిస్కు పని చెయ్యదు. అందులో ఇంకు లేదు, రిబ్బను ఉంటుంది. సూరత్‌లో పాలిస్టర్ చీరకి కాగితం మీది డిజైను వేడితో ఎక్కిస్తారు కదా, అదే పద్ధతి. పసుపు, గులాబీ, నీలం ఒకదాని మీద ఒకటి వేసి, చివర పైపూత వేస్తుంది. 108 కాగితాలు, వాటికి సరిపడా రిబ్బను కలిపి ఒక ప్యాకెట్టుగా అమ్ముతారు. కాబట్టి ఒక ఫొటోకి ఎంత పడిందో లెక్క తప్పదు. ఆరు నెలలు మూల పెట్టినా ఎండిపోయేది ఏమీ లేదు. ఎప్పుడో ఒకసారి ఫొటోలు తీసే ఇంటికి ఇదే మేలు.

వారానికి ఒక ఫొటో

ఇంకు మిషినుకి పెద్ద శత్రువు వాడకపోవడం. ఇంకు చిమ్మే రంధ్రాలు వెంట్రుక కంటే సన్నం. నెలల తరబడి వాడకపోతే ఇంకు ఎండి మూసుకుపోతాయి. రాత్రి స్క్రీను కడగకుండా వదిలేస్తే పొద్దున్న ఏమయ్యేదో మనకి తెలుసు. ఇక్కడా అంతే. శుభ్రం చేసే మీట ఉంటుంది గానీ, అది నొక్కినప్పుడల్లా ఇంకు వృథాగా పోతుంది. వారానికి ఒకటైనా రంగుల ఫొటో తియ్యాలి. అంత పని లేకపోతే ఇంకు మిషిను కొనొద్దు.

ప్రింటు వచ్చిన వెంటనే ఫ్రేములో పెట్టకండి. ఒక రోజు నీడలో ఆరనివ్వండి. ఫొటోకీ అద్దానికీ మధ్య చుట్టూ అట్ట అంచు పెట్టించండి. మాది గాలి తడిగా ఉండే ఊరు. అంచు లేకపోతే తుఫాను అక్కర్లేదు, రెండు వానాకాలాలు చాలు అంటుకుపోవడానికి. ఎండ పడే గోడకి కూడా వద్దు, రంగు వెలిసిపోతుంది.

డిస్కు సంగతి

మామూలు వెండి మెరుపు డిస్కు మీద ఇంకు నిలవదు. నేనే ఒకటి పాడుచేసేను. వేలు తగిలితే బొమ్మంతా జారిపోయింది. పైవైపు తెల్లటి పూత ఉన్నవి కొనాలి. డబ్బా మీద ఇంక్‌జెట్ ప్రింటబుల్ అని ఉండాలి. థర్మల్ ప్రింటబుల్ అని ఉంటే అవి వేరే మిషిన్లకి. తెలుపే ఎందుకంటే ఈ ప్రింటర్లలో తెల్ల రంగు ఉండదు. నల్ల గుడ్డ మీద పసుపు కొడితే కనిపిస్తుందా? తెల్ల గుడ్డ ఉంటేనే రంగు రంగులా కనిపిస్తుంది.

కొన్నింటికి మధ్యలో పెద్ద వలయం పూత లేకుండా ఉంటుంది. పిల్లడి మొహం నడిమధ్య పెట్టేరా, అక్కడ బొమ్మే పడదు. మధ్య బెజ్జం దగ్గర దాకా తెలుపు ఉన్నవి అడగండి. అప్పుడు కూడా మొహం పక్కకి పెట్టండి. ముందు మామూలు కాగితం మీద తీసి డిస్కు దాని మీద పెట్టి చూసుకుంటే ఒక డిస్కు మిగులుతుంది.

ముందు వీడియో ఎక్కించి, ప్లేయరులో ఆడించి చూసి, అప్పుడు బొమ్మ వెయ్యండి. వేసేక ఒక రోజు ఆరాలి. మామూలు తెల్ల పూత మీద బొమ్మ తడిచేత్తో పట్టుకుంటే చెదురుతుంది. తడి తట్టుకునే మెరుపు పూతవి కూడా ఉన్నాయి, ధర ఎక్కువ.

కాగితం స్టిక్కరు మాత్రం అతికించొద్దు. మా మేనల్లుడి పెళ్లి డిస్కుకి అలాగే అతికించేను. వేడికి స్టిక్కరు లేచి ప్లేయరు లోపల ఇరుక్కుంది. ప్లేయరు విప్పించాల్సి వచ్చింది. బాల్ పెన్నుతో రాయడం కూడా వద్దు. సీడీలో సమాచారం ఉండే పొర పైవైపునే, పేరు రాసే చోటుకి కిందనే ఉంటుంది. గీత పడితే పోయినట్టే. డీవీడీలో అది రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది, కాస్త నయం. సీడీలో 700 ఎంబీ పడితే డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. వీడియోకి డీవీడీయే తీసుకోండి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. డిస్కుల కాలం వెళ్లిపోతోంది. కొత్త లాప్‌టాపులకి డిస్కు పెట్టే చోటే ఉండడం లేదు. రైటరు విడిగా కొనాలి. మన దేశంలో మోజర్ బేర్ కంపెనీ ఒకప్పుడు డిస్కులు కుప్పలుగా చేసేది. మన తెలుగు సినిమాలు కూడా చవగ్గా అమ్మేది. అది 2018లో లిక్విడేషన్‌కి పోయింది. మిల్లు మూతపడితే ఏమవుతుందో మన ఇళ్లకి చెప్పక్కర్లేదు. కాబట్టి డిస్కుతో పాటు పెన్‌డ్రైవులో కూడా ఒక కాపీ పెట్టండి. అయినా డిస్కు దండగ అనను. ఫోన్లోది పిల్లల వేలు తగిలితే పోతుంది, ఫోను మారిస్తే పోతుంది. డిస్కు మీదది అలా చెరిగిపోదు. మా ముసలాళ్లకి ప్లేయరులో పెట్టుకోవడమే తెలుసు.

లెక్క

ఆరు రంగుల మిషిను పాతిక వేలకి అటూఇటూ చెప్పేరు. స్టూడియోలో ఫొటో 15 రూపాయల చొప్పున వేసుకున్నా ఆ డబ్బుకి 1,666 ఫొటోలు వస్తాయి. ఏడాదికి 200 ఫొటోలు తీసే ఇంటికి ఎనిమిదేళ్లు సరిపోతాయి. ఇంట్లో తీస్తే ఇంకు, కాగితం ఖర్చు పైన. ఒక్క ఇంటికి ఇది తూగదు.

ఆ పిల్లకి ఇదే చెప్పేను. మొహం చిన్నబుచ్చుకుంది. మర్నాడు మళ్లీ వచ్చింది. "తాతా, మేం మూడిళ్లవాళ్లం కలిసి వేసుకుంటే?" అంది. మూడిళ్ల ఫొటోలూ, బడి పిల్లల పాస్‌పోర్టు ఫొటోలూ, ఠాకురాణీ యాత్రకి పులి వేషాలు కట్టిన గుంటల ఫొటోలూ కలిపితే వారం వారం పని ఉంటుంది. మిషినూ ఎండదు, డబ్బూ మునగదు. నాకు తట్టని మాట అది. నాలుగో వాటా నాది వేసుకోమన్నాను.

మిషిను ఆ పిల్ల ఇంట్లోనే ఉంది. ఆదివారం ఆదివారం ప్రింట్లు తీస్తుంది. మొదటి ఆదివారం మీ వదిన ఫొటో తీసింది. రెండు తప్పాయి, మూడోది కుదిరింది. ఆకుపచ్చ లేదు. ఊడిపోయిన మూల తెల్లగా అలాగే ఉంది. కంప్యూటరులో పూరించనా అని అడిగింది. వద్దన్నాను, అది నేను చేసిన తప్పు, అలాగే ఉండనీ అన్నాను. ఒకటి మా గోడకి పెట్టేను. కాపీ ఉన్న డిస్కు ఇచ్ఛాపురంలో మా చెల్లెలి ఇంట్లో ఉంచేను. ఈ ఊరికి తుఫాను వస్తే ఆ ఊళ్లో ఒకటి ఉంటుంది కదా. మీరు మిషిను కొన్నా, కొనకపోయినా ఈ పని మాత్రం చెయ్యండి. ఫోన్లో ఉన్నవాటిలో పది ఫొటోలు ఏరి కాగితం మీదకి తెచ్చుకోండి. ఒక కాపీ ఇంకో ఊళ్లో దాచండి.

వచ్చే నెల ఇన్వర్టరు బ్యాటరీకి నీళ్లు ఎప్పుడు పొయ్యాలో, ఏ నీళ్లు పొయ్యాలో రాస్తాను. అంతదాకా సెలవు.