మూడు రూపాయల ఫీజు



'కరుణామయుడు' చిత్రము చూడని విశ్వాస కుటుంబము మనలో అరుదు. 1978లో వచ్చిన ఆ చిత్రమును ఎన్నో గ్రామములలో తెల్లగుడ్డ కట్టి చూపించారు. అందులో ప్రభువు పాత్ర ధరించిన విజయచందర్ గారే 1983లో 'ఆంధ్రకేసరి' చిత్రములో టంగుటూరి ప్రకాశం పంతులుగారిగా నటించారు. ఈమధ్య ఒక రాత్రి బాన్సువాడలో మా యింట ఆ చిత్రమును మరల చూచాము.

ప్రకాశంగారు అనగానే 1928లో మద్రాసులో పోలీసు తుపాకికి రొమ్ము చూపిన ధీరుడు, 1953లో ఆంధ్ర రాష్ట్రమునకు మొదటి ముఖ్యమంత్రియైన పెద్దమనిషి మనకు జ్ఞాపకము వచ్చును. మా మనస్సు మాత్రము ఆ రాత్రి ఆయన బాల్యము దగ్గరే ఆగిపోయింది.

ఆయన 1872లో ఒంగోలు ప్రాంతములో పుట్టారు. పదకొండేండ్ల వయస్సులో తండ్రి చనిపోయాడు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి, పదిమందికి వండిపెట్టి పిల్లలను సాకింది. ఆ కాలములో అది చిన్నచూపు చూచే పని. పరీక్ష ఫీజు మూడు రూపాయలకు గతిలేక, ఆమె తన పట్టుచీర తాకట్టు పెట్టి కొడుకు చేత కట్టించింది. తరువాత ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారను ఉపాధ్యాయుడు ఆ బాలుని తనతో రాజమండ్రికి తీసికొనిపోయి చదివించాడు. కన్నవాడు కాడు, కులము వాడు కాడు. అయినను బాధ్యత తీసికొన్నాడు.

ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. ఆ సాయంత్రమే మా సంఘములోని ఒక విధవరాలు వచ్చింది. బీడీలు చుట్టి బ్రతికే సహోదరి. "అయ్యగారూ, పిల్లకు ఫీజు కట్టే గడువు దగ్గరికొచ్చింది. చదువు మాన్పించి బీడీల పనికి పెట్టుకుందునా?" అని అడిగింది. మేము ప్రార్థన చేసి, ప్రభువు చిత్తమని చెప్పి పంపివేశాము. ఎంత కట్టవలెనో కూడ అడుగలేదు.

మోషే తల్లి బుట్ట అల్లి, కీలు పూసి, బిడ్డను నీటి ఒడ్డున పెట్టింది. తల్లి చేయగలిగినది అంతే. ఆ బుట్టను ఎత్తుటకు ఇంకొక చేయి కావలసి వచ్చింది. ఆ సహోదరి తన బుట్టను మా గుమ్మములో పెట్టింది. మేము దానికి ప్రార్థన చేసి మరల నీటిలోనే విడిచాము.

తెల్లవారగానే అమ్మగారిని వెంటబెట్టుకొని ఆ యింటికి వెళ్ళాము. పిల్ల అప్పటికే చాట ముందు కూర్చుండి ఆకు కత్తిరించుచున్నది. సగము మేము, సగము ఒక సంఘపెద్ద వేసి ఆ రోజే ఫీజు కట్టించాము. అది గొప్ప కాదు. ఒక దినము ఆలస్యముగా చేసిన పని.

ప్రియులారా, నిజాంసాగరు నీటితో మన మడులు పండుచున్నవి. వడ్లు అమ్మి కల్లము నుండి తిరిగి వచ్చిన దినమున, మీ సంఘములో ఏ బిడ్డ చదువు ఆగిపోవుచున్నదో విచారించండి. ఆ బిడ్డలలో రేపు ఎవరు ఏమగుదురో మనకు తెలియదు. ప్రకాశంగారు ఏమగునో నాయుడుగారికి తెలిసియా తీసికొనిపోయినది?

బుట్టను ఎత్తు చేయిగా ప్రభువు మిమ్మును వాడుకొనును గాక. ఆమేన్.