రాయి మీద నంబరు

కండ్లకోయలో ఇళ్ళు కట్టుకునేవాళ్ళకి నేను బాగానే తెలుసు. పునాది తవ్వుతుంటే గుండ్రటి రాయి ఒకటి బయటపడుతుంది. దాన్ని సంచిలో వేసుకుని మా గుమ్మం ముందుకు వస్తారు. "మేడం, ఇది డైనోసార్ గుడ్డు కావచ్చా, జర చూడరాదూ" అంటారు. ఈ అయిదారేళ్ళలో తొమ్మిది గుడ్లు వచ్చాయి. తొమ్మిదీ మన గ్రానైటే. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల మనం తవ్వేది సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి రాయి. డైనోసార్లు వచ్చిందేమో 23 కోట్ల ఏళ్ళ కిందట, కాస్త అటూ ఇటూగా. పైగా గ్రానైటు అంటే భూమి లోపల కరిగిన ముద్ద చల్లారి గడ్డకట్టింది. అందులో ఎముకకీ గుడ్డుకీ చోటు లేదు. మరి గుండ్రంగా ఎందుకుందంటే, ఎండకీ వానకీ ముందు మూలలు అరుగుతాయి, తర్వాత ఉల్లిపొరల్లాగా పైపొరలు ఊడిపోతాయి. అంతే సంగతి.

ఈ మాట చెప్పగానే మొహాలు చిన్నబోతాయి. నేను మాత్రం ఊరుకోను. ఎక్కడ తవ్వారు, ఎంత లోతులో దొరికింది, రాయి చుట్టూ ఏ రంగు మట్టి ఉంది అని అడుగుతాను. గుడ్డు కానప్పుడు ఇవన్నీ దేనికమ్మా అని వాళ్ళ అనుమానం. ఏం చేస్తాం, ఇరవై రెండేళ్ళ అలవాటు. నేను ఒక యూనివర్సిటీ మ్యూజియంలో పనిచేస్తాను. టెక్నికల్ అసిస్టెంట్‌గా చేరి, ఆరేళ్ళుగా ఇన్‌ఛార్జిగా ఉన్నాను.

"మ్యూజియంలో ఉద్యోగమా! హాయిగా ఉంటుందే" అంటారు మా కాలనీ వాళ్ళు. వాళ్ళ మనసులో ఉన్నది సాలార్‌జంగ్ గడియారం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి. యూనివర్సిటీ మ్యూజియం అలా ఉండదు. చూడవచ్చేవాళ్ళు తక్కువ. అద్దాల పెట్టెల్లో కనిపించేది పదోవంతు కూడా ఉండదు. మిగతాదంతా వెనక గదుల్లో, బీరువాల్లో, సొరుగుల్లో ఉంటుంది. పరిశోధన చేసేవాళ్ళకి కావలసింది ఆ సొరుగులే. నా పనిని ఇప్పుడు కాగితాల మీద 'రీసెర్చ్ సపోర్ట్' అని రాస్తున్నారు. మామూలు మాటల్లో చెప్పాలంటే పరిశోధన నేను చెయ్యను, చేసేవాళ్ళ చేతికి సరైన వస్తువు సరైన వివరంతో అందిస్తాను. అందులో 'సరైన వివరం' అన్నదే మొత్తం గొడవ.

ఒక ఎముక ముక్క వచ్చిందనుకోండి. ముందు దాని మీద, ఎక్కడా ముఖ్యమైన గుర్తులు లేని చోట, గోళ్ళరంగు లాంటి పారదర్శకమైన పూత చిన్న పట్టీలా వేస్తాం. ఆరాక దాని మీద సన్నని కలంతో నంబరు, ఆపైన మళ్ళీ పూత. అదే నంబరు రిజిస్టర్‌లోనూ, సొరుగులో ముక్క కింద పెట్టే చీటీ మీదా రాస్తాం. నంబరు ఎదురుగా ఎక్కడ దొరికింది, ఏ పొరలో, ఎవరు తీశారు, ఏ తేదీన అన్నవి ఉండాలి. ఎముక కోట్ల ఏళ్ళు నిలుస్తుంది, చీటీని మాత్రం పురుగు నాలుగు వానాకాలాల్లో తినేస్తుంది. మేం కలరా ఉండలు వేసేది ఎముకల కోసం కాదు, కాగితాల కోసం. చీటీ పోయిన ఎముక కండ్లకోయ గుండ్రాయితో సమానం. ముచ్చటగా ఉంటుంది, సాక్ష్యానికి పనికిరాదు.

మన తెలంగాణ ఊళ్ళ పేర్లు ప్రపంచ శాస్త్రంలోకి వెళ్ళింది ఈ చీటీల దారినే. హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ మ్యూజియంకి పిల్లల్ని తీసుకెళ్ళే ఉంటారు. అక్కడ నిలబెట్టిన పెద్ద అస్థిపంజరం పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. కోట అన్నది ఆ రాతిపొరల పేరు, యామన్‌పల్లి ఊరు. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని ఆ ఊరి దగ్గర 1970లలో జియలాజికల్ సర్వే వాళ్ళు తీసిన ఎముకలు 840. కనీసం పన్నెండు జంతువులవి, అన్నీ కలగలిసిపోయి దొరికాయి. పుర్రె తప్ప దాదాపు అన్ని భాగాలూ ఉన్నాయి. పి.యాదగిరి గారు దానికి పేరుపెట్టింది 1988లో, పూర్తి వర్ణన అచ్చయింది 2001లో. ఆ మధ్య కాలమంతా ఆ 840 ముక్కలకీ ఎవరో నంబర్లు వేశారు, గోనెగుడ్డా ప్లాస్టరూ కట్టిన మూటలు విప్పారు, ఏది ఏ జంతువు వెన్నుపూసో విడదీసి పెట్టారు. అస్థిపంజరం ముందు ఫొటో దిగేటప్పుడు ఇవన్నీ ఎవరికి గుర్తొస్తాయి!

ఇంకో పేరు చూడండి, మలేరిసారస్. ఆదిలాబాద్ వైపు మలేరి పొరల్లో దొరికిన ఈ బల్లిలాంటి జంతువుకి శంకర్ ఛటర్జీ 1980లో పేరు పెట్టారు. ఆయన అమెరికాలో టెక్సస్ టెక్ యూనివర్సిటీ మ్యూజియంలో క్యూరేటర్ అయ్యారు. టెక్సస్‌లో దొరికిన శిలాజం ఒకదాన్ని పరీక్షిస్తే ఇదే జాతి బంధువనిపించింది, 1986లో దాన్నీ మలేరిసారస్ అన్నారు. అంటే టెక్సస్ ఎముక మన పల్లె పేరుతో తిరుగుతోంది. ఈ ఎముకని ఆ ఎముకతో పోల్చగలిగారంటే రెండు చోట్లా చీటీ ఉంది కాబట్టే.

ఛటర్జీ తొలిరోజుల్లో ఉన్నది కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో. లెక్కల సంస్థకి డైనోసార్లతో ఏం పని అని మీరు అడగొచ్చు. దాన్ని స్థాపించిన మహలనోబిస్‌కి అన్నీ కావాలి. లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పమేలా రాబిన్‌సన్ అనే శాస్త్రవేత్తను 1957లో పిలిపించి భూవిజ్ఞాన విభాగం పెట్టించారు. వాళ్ళు ప్రాణహిత, గోదావరి లోయకి వచ్చి తవ్వారు. సిరోంచ వైపు పోచంపల్లి దగ్గర (పట్టుచీరల పోచంపల్లి కాదు, ఇది వేరే) మనిషంత పొడవున్న తొడ ఎముక దొరికింది. అందుకే దాని పేరు బారాపాసారస్, బెంగాలీలో 'పెద్ద కాలు'. మూడు వందల దాకా ఎముకలు అక్కడినుంచి కలకత్తా చేరాయి. ఇప్పుడు ఆ సంస్థ మ్యూజియంలోనే నిలబడి ఉంది.

వీటన్నిటిలో నాకు ఇష్టమైన పేరు మాత్రం ఇంకొకటి. 2007లో ధర్మారం పొరల నుంచి వచ్చిన రెండు డైనోసార్లకి ఒకే వ్యాసంలో పేర్లు పెట్టారు. ఒకటి లాంప్లూసారా ధర్మారామెన్సిస్. పమేలా రాబిన్‌సన్ పూర్తి పేరులోని లాంప్లూ అది. రెండోది ప్రధానియా. ఈ ప్రధాన్ ప్రొఫెసర్ కాదు, డైరెక్టర్ కాదు. ఆ విభాగానికి ఏళ్ళ తరబడి శిలాజాలు ఏరిపెట్టిన ధుయియా ప్రధాన్. విభాగానికి తొలి ఊపిరి పోసిన శాస్త్రవేత్తకీ, ఎండలో నేల వెతికిన మనిషికీ పక్కపక్క పేజీల్లో ఒకే గౌరవం దక్కింది. మా రంగంలో ఇది రోజూ జరిగే పని కాదు.

మా మ్యూజియంలోనూ అలాంటి మనిషి ఒకాయన ఉన్నారు. మేమందరం 'అన్నా' అనే పిలుస్తాం కాబట్టి ఇక్కడా అన్న అనే రాస్తాను. పందొమ్మిదేళ్ళ వయసులో రోజుకూలీగా చేరి, అటెండర్‌గా రిటైరయ్యారు. ఏ బీరువాలో ఏ సొరుగు బిగుసుకుంటుందో, దేన్ని ఎడమ చేత్తో ఎత్తి లాగాలో కూడా ఆయనకే తెలుసు. రిటైర్మెంట్‌కి మూడు నెలలుందనగా వేరే రాష్ట్రం నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్ వచ్చాడు. మా 217 నంబరు దవడ ముక్క, రెండు వేళ్ళంత ఉంటుంది, అతని థీసిస్‌కి కీలకం. తీస్తే చీటీ కింది సగం పురుగు తినేసి ఉంది. రిజిస్టర్‌లో 1983 అనీ, 'గోదావరి లోయ' అనీ మాత్రమే ఉంది. గోదావరి లోయ అంటే ఎంత పొడవు, ఎన్ని పొరలు! మలేరి పొరదైతే ఒక కథ, కోట పొరదైతే కోట్ల ఏళ్ళ తేడాతో ఇంకో కథ.

అన్న దాన్ని చేతిలోకి తీసుకుని, "గిది ఎర్రమట్టి వాగు కాడిది మేడం. ఆ దినం జీపు దిగబడ్డది. నేనే నెత్తిన పెట్టుకొచ్చిన" అన్నారు. ఊరి పేరు కూడా చెప్పారు. స్కాలర్ మొహం వెలిగిపోయింది. "మేడం, రిజిస్టర్‌లో ఆ ఊరు రాసి ఒక సర్టిఫికెట్ ఇవ్వండి చాలు" అన్నాడు. వారంలో అతను వ్యాసం పంపాలి.

నేను రాయనన్నాను. రిజిస్టర్‌లో ఉన్నది 1983లో రాసిన మాట. దాని మీద ఇప్పటి జ్ఞాపకాన్ని కలిపేస్తే రేపు చూసేవాడికి ఏది ఎప్పటిదో తెలియదు. స్కాలర్ నొచ్చుకున్నాడు, అది పరవాలేదు. అన్న నొచ్చుకున్నారు. "నలభై ఏండ్లాయె మేడం. నా మాట మీద నమ్మకం లేదా?" అన్నారు. ఆ రోజు మేడ్చల్ బస్సులో నిలబడి వస్తున్నంతసేపూ ఆ మాటే వినపడింది.

మర్నాడు ఒక పని చేశాం. అదే ప్రయాణంలో వచ్చినవి, చీటీలు నిక్షేపంగా ఉన్నవి ఐదు తీసి, చీటీలు పక్కన పెట్టి, "అన్నా, ఇవెక్కడివి?" అని అడిగాను. నాలుగు సరిగ్గా చెప్పారు. అయిదోదాన్ని రెండు నిమిషాలు తిప్పి తిప్పి చూసి "ఇది యాదికి లేదు మేడం" అని కింద పెట్టేశారు. నాకు ఆ నాలుగు జవాబులకంటే ఈ అయిదోది ఎక్కువ నమ్మకం కలిగించింది. తెలియనిది తెలియదన్న మనిషి, తెలుసన్నప్పుడు వినాలి. 217 పగుళ్ళలో ఇంకా అంటుకుని ఉన్న మట్టిని లెన్స్ కింద చూశాం. ఎర్ర బంకమన్ను. మలేరి పొరలు ఎర్రమట్టికి పేరు, కోట పొరల్లో సున్నపురాయి ఉంటుంది. అన్న మాటకి అది ఎదురు చెప్పలేదు.

రిజిస్టర్‌ని ముట్టుకోలేదు. విడిగా ఒక కాగితం పెట్టాం. ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, ఆయనకెలా తెలుసు, మేం ఎలా పరీక్షించాం, అయిదింట్లో ఎన్ని చెప్పారు అన్నీ రాసి అన్న సంతకం, నా సంతకం చేశాం. స్కాలర్ తన వ్యాసంలో ఊరి పేరు రాసి, అది మ్యూజియం ఉద్యోగి జ్ఞాపకం ప్రకారం అని కూడా రాశాడు. చివర కృతజ్ఞతల్లో అన్న పేరు అచ్చయింది. ఆ పేజీని నేను ప్రింటు తీసి ఇస్తే అన్న చదవలేదు, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు. సాయంత్రం కాపలా అతను చెప్పాడు, మధ్యాహ్నమంతా క్యాంటీన్‌లో అందరికీ చూపించారట.

ఇన్‌ఛార్జి పని అంటే ఏమిటని కుర్రవాళ్ళు అడుగుతుంటారు. సగం కాదనడం. అసలు నమూనాలు, అంటే జాతికి పేరుపెట్టినప్పుడు ఆధారంగా చూపినవి, ఎవరడిగినా బయటికి ఇవ్వం. ఎగ్జిబిషన్ కోసం రెండు రోజులు ఇవ్వమన్న పెద్దమనుషులకి నమూనా అచ్చు ఇస్తాను, అసలుది ఇవ్వను. మిగతా సగం ఉత్తరాలు రాయడం. పైకప్పు కారుతోందని ఒకటి, ఖాళీ అయిన పోస్టు నింపమని ఒకటి. తనిఖీ బృందం వస్తుందంటే గోడలకి సున్నం రెండు రోజుల్లో పడుతుంది. సొరుగుల్లో చీటీలకి బృందాలు రావు కదా.

అన్న పోస్టు ఇంతవరకూ నింపలేదు. ఆయన తల్లో ఉన్నది ఆయనతోనే వెళ్ళిపోకూడదని, వారానికొక రోజు పిలిపించడానికి బస్సు చార్జీ, భోజనం ఖర్చు ఇవ్వమని రాశాను. మొదటి ఉత్తరానికి 'అవసరం వివరించండి' అని వచ్చింది. రెండోదానికి జవాబు లేదు. మూడోదానికి 217 కాగితమూ, అచ్చయిన వ్యాసమూ జత చేశాను. మంజూరైంది, ఒక ఏడాదికి.

ఇప్పుడు గురువారం గురువారం అన్న వస్తారు. ఇక్కడే కండ్లకోయలో ఇంజనీరింగ్ చదివే మా కాలనీ అమ్మాయి, సెలవుల్లో వచ్చి, సొరుగు నంబరు కొడితే ఫొటోతో పాటు అన్న గొంతు వినపడేలా ఫోన్‌లో ఏదో తయారుచేసి పెట్టింది. ఆ అమ్మాయి ఆయన్ని 'తాతా' అంటుంది. ఆయన చెప్పేదాంట్లో జీపు కథలే సగం. కత్తిరించమన్నారు కొందరు, నేను వద్దన్నాను. ఏ జీపు ఎక్కడ దిగబడిందన్నదే రేపు ఎవరికైనా వాగు దారి చూపించొచ్చు. మొత్తం 64 సొరుగులు. మొన్నటితో 31 అయ్యాయి. 32వది బిగుసుకుపోయింది, అన్న వచ్చి లాగాలి.