‘ఫులూస్ మాఫీ’ ఎవరు నేర్పారు?

గల్ఫ్‌ వెళ్లి వచ్చిన జగిత్యాల, సిరిసిల్ల వాళ్లను కదిలించి చూడండి. అరబ్బీలో ఒక్క అక్షరం రాయడం రాకపోయినా కఫీల్ (పని ఇచ్చే పూచీదారు), అకామా (నివాస అనుమతి) అంటూ అలవోకగా మాట్లాడతారు. జీతం ఎప్పుడిస్తారని అడిగితే ఫోర్‌మన్ అన్న ‘ఫులూస్ మాఫీ’ని, అంటే డబ్బుల్లేవన్న మాటను, ఏళ్లు గడిచినా అతని గొంతుతో సహా అప్పజెబుతారు. బట్టీ పట్టింది లేదు, పరీక్ష రాసింది లేదు. ఇంటికి పంపాల్సిన డబ్బు ఆ మాటతో ముడిపడి ఉంది మరి.

అదే ఊళ్లో బడిపిల్లకు రోజూ పది ఇంగ్లిష్ పదాలు, మీనింగులు, మర్నాడు డిక్టేషన్. తప్పు రాస్తే బెంచీ ఎక్కాలి. సోమవారం పదాలు శుక్రవారానికి ఉండవు. జ్ఞాపకశక్తి తక్కువని పిల్లమీదకే నెడతాం.

భయమూ ఉద్వేగమే కదా, మరి బెంచీ ఎక్కిస్తే గుర్తుండాలిగా అని ఎవరైనా అడగొచ్చు. మంచి ప్రశ్నే. మనసు కదిలినప్పుడు మెదడులోని అమిగ్డాలా జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది, నిజమే. అయితే గుండె దేనికి దడదడలాడిందో దాన్నే ముందు పట్టుకుంటుంది. గల్ఫ్ కూలీ భయం జీతం గురించి, విన్న మాటా జీతం గురించే. పిల్ల భయమంతా పక్క బెంచీ నవ్వు గురించి. పెద్దయ్యాకా ఆ నవ్వు గుర్తుంటుంది, స్పెల్లింగు ఉండదు. 1986లో ఎలైన్ హార్విట్జ్ బృందం భాషా తరగతిలో బెరుకును కొలిచేందుకు రాసిన 33 వాక్యాల్లో తోటివాళ్లు నవ్వుతారన్న భయం కూడా ఉంది.

2003లో కేథరిన్ హారిస్ బృందం ప్రచురించిన పరిశోధన ఇంకా ఆసక్తికరం. టర్కిష్ మాతృభాషగా, ఇంగ్లిష్ రెండో భాషగా ఉన్నవాళ్లకు రెండు భాషల్లోనూ చిన్ననాటి చీవాట్లు వినిపించి, చర్మంలో కలిగే స్పందనను కొలిచారు. టర్కిష్ చీవాటుకు కదిలినంతగా ఇంగ్లిష్ చీవాటుకు కదల్లేదు. రెండో భాష మాట మనకు చప్పగానే చేరుతుంది, ఉప్పూకారం తర్వాత మన బతుకులోంచి పడాలి. యార్కర్, నోబాల్ అన్న క్రికెట్ మాటలు మన కుర్రాళ్లకు ఏ వాచకం నేర్పింది?

టీచర్లను డిక్టేషన్ మానమనడం లేదు. పదిలో నాలుగు పదాలు పిల్లల్నే తెచ్చుకోనివ్వండి: తిట్టు తప్ప ఏదైనా సరే, వాళ్లు నిజంగా చెప్పాలనుకుంటున్న సంగతికి కావాల్సినవి. భయపెడితే మాట నిలవదు కాబట్టి, తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసే బడులు మాత్రం ఆ ఫైన్‌ను వచ్చే సోమవారమే ఎత్తేయాలి. దానికి జీవో అక్కర్లేదు.