ట్రాక్టరు కొనేముందు ఇంటావిడ వేయాల్సిన లెక్క

పోయిన వారం మాగాయ ముక్క ఎంత ఎండాలో చెప్పుకున్నాం. ఈ వారం ట్రాక్టరు గురించి చెప్పుకుందాం. "వంటింటి పేజీలో ట్రాక్టరేమిటి, ఈవిడకి మతిగానీ పోయిందా?" అని నవ్వుకోకండి. మిక్సీ కొనాలంటే నాలుగు షాపులు తిరుగుతాం. ఏడొందల చీరైనా అంచు బాగుందో లేదో పదిమందికి చూపించిగానీ కొనం. ఏడు లక్షల ట్రాక్టరు దగ్గరికొచ్చేసరికి మాత్రం "అది మగవాళ్ల వ్యవహారం" అని కాఫీలిచ్చి ఊరుకుంటాం. తీరా వాయిదా కట్టే రోజొస్తే బీరువాలోంచి బయటికొచ్చేది ఎవరి గొలుసు? మనదే కదూ!

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మాకున్నది మూడున్నర ఎకరాలు. అందులో ఎకరంన్నర మాగాణి మావారిది. రెండెకరాల నిమ్మతోట నాది. పెళ్లినాడు మా నాన్న పసుపు కుంకుమ కింద రాసిచ్చింది. 2024 ఎండాకాలంలో ఓరోజు మావారు అన్నం తింటూ తింటూ, "ఏమే, ట్రాక్టరు తీసుకుందామనుకుంటున్నా. బ్యాంకువాళ్లు నీ పాసుపుస్తకం అడుగుతున్నారు. రేపోసారి వచ్చి సంతకం పెడుదువుగాని" అన్నారు. ఉప్పు అందుకోమన్నంత తేలిగ్గా అన్నారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

కాదంటే ఇంట్లో గొడవ. అవునంటే మా నాన్న ఇచ్చిన తోట తనఖా. రాత్రంతా నిద్రపట్టలేదు. పొద్దున్నే, "ఏవండీ, సంతకం పెడతాను. ముందు నాకు నాలుగు విషయాలు తెలియాలి" అన్నాను. ఆయన మొహం చిన్నబుచ్చుకున్నారు. రెండ్రోజులు సరిగా మాట్లాడలేదు. అయినా నేను మాత్రం అడగడం మానలేదు. మీరూ మానకండి. ఆ నాలుగూ ఇవి.

మొదటిది: ఎంత బండి కావాలి?

మావారి మనసు 45 హార్సుపవరు పెద్ద బండి మీద ఉంది. స్నేహితుడికి ఉంది, అదీ కారణం. నేనూ ఆయనా టేపు పట్టుకుని తోటలోకి వెళ్లాం. మా నిమ్మచెట్ల మధ్య ఎడం ఇరవై అడుగులు. కాయితం మీద చూస్తే కావలసినంత చోటు. కానీ చెట్లు పెరిగి కొమ్మలు రెండువైపులా చాచుకున్నాక మధ్యన మిగిలింది ఎనిమిది, తొమ్మిది అడుగులే. దాంట్లోంచి పెద్ద బండి వెళితే కొమ్మలు విరుగుతాయి, తోలేవాడి మొహానికి ముళ్లు గీసుకుంటాయి. పైగా బరువైన చక్రాలు నేలని గట్టిపరుస్తాయి. నిమ్మకి మేత వేళ్లు పైపైనే ఉంటాయి. మొదలు దగ్గరగా లోతుగా దున్నితే వేళ్లు తెగుతాయి. మొదలుకి దెబ్బ తగిలితే బంక కారే తెగులుకి దారి ఇచ్చినట్టే.

ఇలాంటి తోటలకే చిన్న ట్రాక్టర్లు వచ్చాయి. స్వరాజ్ 717, మహీంద్రా యువరాజ్ 215 అనేవి 15 హార్సుపవరు. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బి2441 అనేవి 24 హార్సుపవరు, వీటికి నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందుతుంది. నేను ఏ కంపెనీకీ వత్తాసు పలకడం లేదు. పేర్లు తెలిస్తే షోరూములో మనల్ని అమాయకులని అనుకోరు, అంతే.

రెండు చక్రాల బండి చవక. పొడినేలకి సరిపోతుంది. తడినేల, మెత్తటి నల్లరేగడి ఉన్నవాళ్లకి నాలుగు చక్రాలదే మేలు. లేకపోతే దిగబడ్డప్పుడల్లా పక్కవాళ్ల ట్రాక్టరుకి తాడు కట్టాల్సి వస్తుంది. పొగగొట్టం ఎటు ఉందో కూడా చూడండి. పైకి నిలబడి ఉంటే కొమ్మలకి తగులుతుంది. తోటకి పక్కకో కిందకో తిప్పినవి నయం.

రెండోది: బలం ఎక్కడ కావాలి?

షోరూములో హార్సుపవరు ఒక్కటే చెబుతారు. మన గ్రైండరు మోటారు ఎంత గట్టిదైనా బెల్టు ద్వారా రాయికి చేరిన బలమే కదా పిండి రుబ్బేది. ట్రాక్టరూ అంతే. వెనకాల తిరిగే ఇరుసుని పీటీవో అంటారు. రోటావేటరు, స్ప్రేయరు తిరిగేది దాంతోనే. అక్కడికి చేరే బలం ఇంజను బలం కన్నా తక్కువ ఉంటుంది. అందుకని "పీటీవో బలం ఎంతండీ?" అని అడగండి. మామూలుగా అది నిమిషానికి 540 చుట్లు తిరగాలి.

తర్వాత వెనక లిఫ్టు. ఈ చిన్నబళ్లలో చాలావాటికి 750 కిలోల దరిదాపుల్లో ఎత్తే శక్తి ఉంటుంది. శక్తికి మించిన పనిముట్టు తగిలిస్తే ముందుచక్రాలు గాల్లోకి లేస్తాయి. రోటావేటరు వెడల్పు వెనకచక్రాల జాడని కప్పేటంత ఉంటే చాలు. 24 హార్సుపవరుకి నాలుగడుగులది సరిపోతుందన్నారు, మాకూ సరిపోయింది. పెద్దది తగిలిస్తే డీజిలు తాగుతుంది, ఇంజను మూలుగుతుంది.

దుకాణదారు మాటే కాకుండా సర్కారు పరీక్ష నివేదిక కూడా అడగండి. మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ, మధ్యప్రదేశ్‌లోని బుద్నీలోనూ వ్యవసాయ యంత్రాల్ని పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. పీటీవో బలం, డీజిలు ఖర్చు, లిఫ్టు శక్తి ఆ నివేదికల్లో రాసి ఉంటాయి.

మూడోది: మన పొలానికి గిట్టుతుందా?

ఇక్కడే అసలు కథ. నా పాలపద్దు పుస్తకం వెనకపేజీల్లో కూలీల లెక్కలు కూడా రాసుకునే అలవాటు నాకుంది. కిందటేడు బాడుగలకి పెట్టింది తీశాను. తోట దున్నడం ఒక్కోసారి మూడు గంటలు, గంటకి 1,200 చొప్పున, ఏడాదికి ఆరుసార్లు: 21,600. మందు కొట్టడం పదిసార్లు: 10,000. మాగాణి దమ్ముకి 6,000. ఎరువు, ధాన్యం తోలకానికి 5,000. మొత్తం 42,600 రూపాయలు.

ఇక కొంటే ఎంత? చిన్న ట్రాక్టరు, రోటావేటరు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అన్నీ కలిపి మాకు చెప్పింది 7 లక్షలు. చేతి డబ్బు 2 లక్షలు పోను అప్పు 5 లక్షలు, నూటికి 10 వడ్డీ, ఐదేళ్లలో పది వాయిదాలు. మొదటి ఏడాది అసలు లక్ష, వడ్డీ 47,500. మన పనికి ఏడాదికి 50 గంటలు తిరిగినా డీజిలు 15,000. సర్వీసు, ఇన్సూరెన్సు 10,000. మొత్తం 1,72,500. మిగిలే బాడుగ 42,600 తీసేసినా ఇంకా దాదాపు లక్షా ముప్పై వేలు చేతినుంచి పడాలి.

ఈ అంకెలు చూసి మావారు చాలాసేపు మాట్లాడలేదు. "నాకూ తెలుసే, కానీ అదునుకి బాడుగ బండి దొరక్క తోట ఎండగట్టుకున్న రోజులు నీకు గుర్తులేవా?" అన్నారు. అదీ నిజమే. రెండేళ్ల కిందట నెలరోజులు బతిమాలినా ఎవరూ రాలేదు. కలుపు మోకాలెత్తు పెరిగింది. ఆయన కోరిక ఊరికే డాబు కోసం కాదని నాకు అప్పుడు అర్థమైంది.

అందుకని "వద్దు" అనకుండా, "ఎలా గిట్టుతుంది?" అని ఇద్దరం కూర్చున్నాం. బయట బాడుగకి తిప్పితే డీజిలు, అరుగుదల పోను గంటకి 800 మిగులుతుందనుకున్నాం. అంటే ఏడాదికి 163 గంటలు బయట పని దొరకాలి. పెద్దబళ్లు దూరలేని తోటలవాళ్లని అడిగితే 22 ఎకరాలవాళ్లు "పిలుస్తాం" అన్నారు. ఎకరానికి ఏడాదికి 9 గంటల చొప్పున 198 గంటలు. కాయితం మీద సరిపోయింది. కానీ మాట వేరు, డబ్బు వేరు. వాళ్ల మాటల మీద నా తోట తనఖా పెట్టడానికి మనసొప్పలేదు.

అప్పుడు మా తోడికోడలు, "అక్కా, మాకూ మూడెకరాల నిమ్మే కదా. ఏటా 45 వేలు బాడుగలకి పోస్తున్నాం. కలిసి కొంటే పోలా?" అంది. ఎంత తేలికైన మాట! ఇళ్లల్లో మగవాళ్లిద్దరూ పదేళ్లుగా ఒకే గట్టు మీద నిలబడి విడివిడిగా బాడుగ బండి కోసం ఎదురుచూశారు.

చెరో లక్షన్నర వేసుకున్నాం. అప్పు 4 లక్షలకి దిగింది. ఇలా కలిస్తే బయట వంద గంటలు దొరికినా గట్టెక్కుతాం.

ఒక్కమాట. రెండెకరాల లోపు ఉండి, కలిసేవాళ్లు లేకపోతే ట్రాక్టరు జోలికి వెళ్లకండి. బాడుగే మేలు. అవసరమైతే చేత్తో నడిపే పవర్ వీడరు చూసుకోండి. మీ మండలంలో బాడుగకి యంత్రాలిచ్చే కేంద్రం ఉందేమో వ్యవసాయ అధికారిని అడగండి. రాయితీలు ఏ ఏడాదికి ఆ ఏడాది మారతాయి, అవీ ఆయన్నే అడగాలి.

నాలుగోది: తాకట్టు ఏమిటి?

ఒకచోట నూటికి 10 వడ్డీ, కానీ నా పాసుపుస్తకం కావాలన్నారు. ఇంకోచోట నూటికి 12, బండి మీదే అప్పు, భూమి తనఖా అక్కర్లేదన్నారు. 4 లక్షలకి మొదటి ఏడాది తేడా 7,600 రూపాయలు. మా మరిది "అనవసరం వదినా" అన్నాడు. మావారు మాత్రం, "ఉండనీరా, అది వాళ్ల నాన్న ఇచ్చింది" అన్నారు. రెండ్రోజులు అలిగిన మనిషి ఆ మాట అనేసరికి నాకు కళ్లనీళ్లు ఆగలేదు. 7,600 ఎక్కువే కట్టాం. నా పాసుపుస్తకం బీరువాలోనే ఉంది, నాకు నిద్ర పడుతోంది.

మీరు సంతకం పెట్టేటప్పుడు అది హామీ సంతకమా, తనఖా సంతకమా, ఊరికే సాక్షి సంతకమా అని తప్పకుండా అడగండి. ఖాళీ కాయితం మీద ఎవరడిగినా పెట్టకండి.

మేము కొన్నప్పుడు ట్రాక్టరు మీద జీఎస్టీ 12 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతానికి తగ్గింది. ఆ వార్త చదివినరోజు నాకు కడుపు తరుక్కుపోయింది. మా బండి మీదయితే దాదాపు 40 వేలు కలిసొచ్చేది. ఇప్పుడు కొనేవాళ్లు పన్ను తగ్గించిన ధరే రాశారో లేదో కొటేషన్లో చూసుకోండి.

ఏడాది గడిచాక

మొదటి ఏడాది బయట తిరిగింది 150 గంటలు. పిలుస్తామన్న వాళ్లలో కొందరు పిలవలేదు. పిలిచినవాళ్లు కొందరు కాయ అమ్మాక ఇస్తామన్నారు. మొదటి వాయిదా నాటికి చేతిలో సగం డబ్బే ఉంది. పాలడబ్బులు, తోడికోడలి చీటీ డబ్బులు కలిపి కట్టాం. రెండోది సులువుగా కట్టాం. మేమొక్కళ్లమే కొని ఉంటే ఆ 150 గంటలు చాలేవి కావు. ఇప్పుడు బండి ఎవరికి ఏరోజో నోటుబుక్కులో రాస్తాం. బండి మీటరులో గంటలు కూడా రాస్తాం. 50 గంటలకి మొదటి సర్వీసు, తర్వాత కంపెనీ పుస్తకంలో ఉన్న ప్రకారం. అవి మరిచిపోకుండా గుర్తుచేసే పని నాదే.

చివరిగా, ముఖ్యంగా ఇది వినండి. తిరిగే పీటీవో ఇరుసు దగ్గరికి కొంగుతో, చున్నీతో, జారుముడితో వెళ్లకండి. చిటికెలో లాగేస్తుంది. దానిమీది తొడుగు తీసేసి నడపనివ్వకండి. చక్రం మీది రేకు మీద పిల్లల్ని కూర్చోబెట్టనివ్వకండి. వెనక్కి తిప్పేముందు పిల్లలెక్కడున్నారో చూడమనండి. కాలవగట్ల మీద జాగ్రత్త. తాళంచెవి రాత్రి మన దగ్గరే ఉండాలి. మా ఇంట్లో అది ఉప్పుడబ్బా పక్క మేకుకి ఉంటుంది.

మావారి చొక్కాకి గ్రీజు అంటితే వెంటనే నీళ్లలో వేయకండి. ముందు టాల్కం పౌడరు దట్టంగా చల్లి అరగంట ఉంచండి. దులిపేసి, గిన్నెలు తోమే సబ్బునీళ్లు రాసి రుద్ది, అప్పుడు ఉతకండి. డీజిలు బట్టలు మిగతావాటితో కలపకండి, అన్నిటికీ వాసన పడుతుంది.

లెక్క అడగడమంటే మగవాళ్లని నమ్మకపోవడం కాదమ్మా. ఇల్లు ఇద్దరిదీ అని గుర్తుచేయడం. ఈసారి మీ ఇంట్లో ట్రాక్టరు మాట వస్తే కాఫీ ఇవ్వండి, దాంతోపాటు ఓ కాయితం, కలం కూడా పట్టుకెళ్లి పక్కన కూర్చోండి.

వచ్చేవారం నిమ్మకాయ ఊరగాయ ఏడాదిపాటు నల్లబడకుండా ఎలా నిలవుంచాలో చెబుతాను. కాయ మా తోటదే!