బూట్‌లోడరంటే భయం దేనికి?

విద్యార్థులు ఆపరేటింగ్ సిస్టం జోలికి పోరాదని మన కంప్యూటరు లాబ్ గోడ మీద కాగితం అంటించి ఉంది, మిత్రులందరూ చూసే ఉంటారు. ఎందుకని అడిగితే "బూట్ పోతుంది" అంటారు. ఆ ఒక్క మాటతో అందరి నోళ్ళూ మూతపడతాయి. ఇంతకీ బూట్ పోవడమంటే ఏం పోవడమో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ.

డిస్కులో ఉన్న లైనక్స్ కెర్నల్‌ను తీసి మెమరీలో పెట్టి, పని దానికి అప్పగించే చిన్న ప్రోగ్రామే బూట్‌లోడర్. మాది కాలవ కింద వ్యవసాయం కనుక నాకు లస్కరు గుర్తొస్తాడు. లస్కరు పంట పండించడు. కాని అతను తూము ఎత్తందే ఏ చేలోకీ నీళ్ళు రావు. ఒకే యంత్రంలో విండోసూ లైనక్సూ రెండూ ఉంటే, నీళ్ళు ఏ బోదెలోకి వదలాలని అడిగేదీ అతనే. చాలా లైనక్స్‌లలో ఆ లస్కరు పేరు గ్రబ్.

పాత బయోస్ యంత్రాల్లో దీని అవస్థ చూడాలి. డిస్కు మొదటి సెక్టారు 512 బైట్లు. భాగాల పట్టికకు 64, చివరి గుర్తుకు 2 పోను, మిగిలేది 446. అందులో ఇమడలేక గ్రబ్ మొదటి ముక్క మాత్రం అక్కడ పెట్టి, తర్వాతి ముక్కను పక్క సెక్టార్లలో దాచుకుంటుంది. పైన ఎవరైనా విండోస్ ఎక్కిస్తే, ఆ మొదటి సెక్టారులో అది తన ప్రోగ్రాము రాసేసుకుంటుంది. "బూట్ పోయింది" అన్న మాట ఇక్కడే పుట్టి ఉంటుందని నా అనుమానం. కొత్త యూఈఎఫ్ఐ యంత్రాల్లో ఈ కొట్లాట తక్కువ. చిన్న భాగం ఒకటి విడిగా ఉంటుంది, అందులో ఎవరి ఫోల్డరు వారిది.

ఇక అమర్చడం. ఈటీసీ డైరెక్టరీలో డిఫాల్ట్ కింద గ్రబ్ అనే మామూలు టెక్స్ట్ ఫైలుంటుంది. మెనూ ఎన్ని సెకన్లు నిలవాలో, ఏదీ నొక్కకపోతే ఏది మొదలవ్వాలో అందులో మార్చి, డెబియన్, ఉబుంటుల్లో అయితే అప్‌డేట్-గ్రబ్ కమాండు ఇవ్వాలి. అది ఇవ్వకపోతే మార్పు ఫైల్లోనే పడి ఉంటుంది. లైనక్స్ పెట్టాక మెనూలో విండోస్ కనబడక గుండెలు బాదుకునేవాళ్ళున్నారు. విండోస్ ఎక్కడికీ పోలేదు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, ఇతర సిస్టంలను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను భద్రత కోసం ముందే ఆపి ఉంచుతున్నారు. గ్రబ్_డిజేబుల్_ఓఎస్_ప్రోబర్ అన్నచోట ఫాల్స్ అని రాసి, మళ్ళీ అదే కమాండు ఇవ్వాలి. (వద్దనడానికి డిజేబుల్, ఆ వద్దును వద్దనడానికి ఫాల్స్! తెలుగు మేష్టారికి చూపించాలి.)

లెక్చరర్ల భయం ఊరకే వచ్చింది కాదు, ఒప్పుకుంటాను. డిస్కును భాగాలు చేసేటప్పుడు చెయ్యి జారితే రికార్డులు నిజంగానే పోతాయి. అక్కడ హెచ్చరిక ఉండాల్సిందే, ముందు నకలు తీసుకోవాల్సిందే. కాని బూట్‌లోడర్ చెడడం అది కాదు. లస్కరు రానంత మాత్రాన చేను కొట్టుకుపోదు. పెన్‌డ్రైవ్‌లోని లైనక్స్‌తో యంత్రాన్ని లేపి, లోపలి డిస్కును మౌంట్ చేసి, గ్రబ్-ఇన్‌స్టాల్ నడిపితే తూము మళ్ళీ లేస్తుంది. రెండు భయాలనూ కలిపి ఒకే కాగితం మీద రాయడం నాకు నచ్చలేదు. ఫిజిక్స్ లాబ్‌లో సర్క్యూట్ తప్పు కలిపితే మళ్ళీ కలపమంటారే గాని, గాల్వనామీటరు ముట్టుకోవద్దని గోడ మీద రాయరు గదా!

ఇప్పుడెందుకీ గోల అంటారా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11 ఏమో టీపీఎం 2.0 కావాలంటుంది. అది లేని మన లాబ్ యంత్రాలు వెనక గదిలో దొంతర పేర్చి ఉన్నాయి. తుక్కు కింద అమ్ముతారని వినికిడి. వాటి మీద లైనక్స్ హాయిగా నడుస్తుంది. సొంత కంప్యూటరు కొనే తాహతు లేనివాళ్ళం హాస్టల్లో ఎంతమందిమో వేరే చెప్పాలా?

అమ్మకముందే ఓ పది యంత్రాలు, డిస్కులు తుడిచి, విద్యార్థులకిమ్మని యూనియన్ అడగాలి. శనివారం మధ్యాహ్నం లాబ్ తెరిచి ఉంచితే చాలు. ప్రతివాడి చేతా ఒక బూట్‌లోడర్‌ను కావాలనే చెడగొట్టించి, తిరిగి నిలబెట్టించవచ్చు. లైనక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌లు రెండు నా దగ్గరున్నాయి, అవి నేను తెస్తాను.