నింద టైరుకు, నేరం చక్రానిది

కొన్న ఏడాదికే కారు టైరు ఒక పక్క అరిగిపోయినదంటే మనవారు ముందుగా టైరు కంపెనీని తిడతారు, పిదప రోడ్డును తిడతారు, చివరకు క్రొత్త టైరు కొని అదే చక్రానికి తొడిగిస్తారు. ఇరుసు వంగిన బండిని లాగి ఎద్దు మెడ పుండుపడితే మన రైతు ఎద్దును అమ్ముకోడు. ముందు ఇరుసును చూస్తాడు. ఆపాటి వివేకం మోటారు బండి దగ్గర మనకు ఎందుకు లోపించినదో ఆలోచింపదగిన విషయం.

ముందు చక్రాలు రెండూ చూపునకు సమాంతరంగానే ఉంటాయి. నిజానికి వాటి ముందంచులు కొద్దిగా లోపలికో వెలుపలికో తిరిగి ఉండవచ్చును. దీనినే మెకానిక్కులు టో అంటారు. గణితం చదివే విద్యార్థులు ఒక లెక్క వేసి చూడండి. ఒక చక్రం తన దిశకు అర డిగ్రీ తప్పి ఉన్నదనుకొందాం. అర డిగ్రీకి సైన్ విలువ సుమారు 0.0087. అనగా బండి కిలోమీటరు సాగేసరికి ఆ చక్రం దాదాపు 9 మీటర్లు పక్కకు ఈడ్వబడిన లెక్క. నిర్మల్ నుండి ఆదిలాబాదుకు సుమారు 80 కిలోమీటర్లు. ఆ ఒక్క ప్రయాణంలో రమారమి 700 మీటర్లు! దొర్లవలసిన చక్రం తారు మీద గీరుకొంటూ పోతున్నదన్న మాట. రబ్బరుతో పాటు పెట్రోలు కూడా ఆ మేరకు వృథాయే.

ముందంచులు లోపలికి తిరిగితే టైరు వెలుపలి అంచు, వెలుపలికి తిరిగితే లోపలి అంచు త్వరగా అరుగుతాయి. అరచేతిని టైరు బటన్ల మీద అడ్డంగా నిమిరి చూడండి. ఒక దిశలో నునుపుగాను, తిరుగు దిశలో రంపపు పళ్ళవలెను తగిలితే దోషం టోలో ఉన్నదనుకోవచ్చు. యంత్రం అక్కరలేని పరీక్ష ఇది. రెండంచులూ సమంగా అరిగితే గాలి తక్కువైనదని, నడుమ మాత్రమే అరిగితే గాలి ఎక్కువైనదని అర్థం. దానికి అలైన్‌మెంటు చేయించుట దండుగ. వేగంలో స్టీరింగు వణికితే అది తరచుగా బ్యాలెన్సింగు లోపం. ఈ రెంటినీ ఒకటే అనుకొని ఒకదానికి బదులు మరొకటి చేయించుకొనే చదువరులు కూడా లేకపోలేదు.

చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరగడం కాంబరు. అదీ ఒక అంచునే తింటుంది. కాస్టరు సంగతి వేరు. సైకిలు ముందు ఫోర్కు నిటారుగా గాక వెనుకకు వాలి ఉండడం మీరెరిగినదే. కారులోనూ అటువంటి వాలు ఉంటుంది. మలుపు తిరిగిన పిమ్మట స్టీరింగు తనంత తాను నడిమికి వచ్చుటకు అది ముఖ్య కారణం. కుడి ఎడమల వాలులో తేడా వస్తే టైరు పెద్దగా అరగకపోయినా బండి ఒక పక్కకు లాగుతుంది. (నీరు జారుటకు మన రోడ్లు అంచులకు వాలుగా వేస్తారు గనుక, బండి ఎడమకు కొంచెం జరిగినంత మాత్రాన కంగారు పడనక్కరలేదు.)

కరీంనగర్ గ్రానైటు లారీలు, గోదావరిఖని బొగ్గు లారీలు తిరిగే దారులలో గుంతలకు కొదువ లేదు. ఒక్క గుంతలో చక్రం బలంగా పడితే చాలు, టై రాడ్డు వంగవచ్చును. లోపలి అంచు నున్నబడిన టైరు మరీ మోసకారి, ఎందుకంటే ప్రక్కన నిలబడి చూచేవానికి బటన్లు బాగానే కనిపిస్తాయి. వానలో మహబూబ్ ఘాట్ మలుపు వద్ద గాని దాని గుట్టు బయటపడదు. కారు టైరు బటన్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదన్న నియమం లోపలి అంచుకూ వర్తిస్తుంది.

అలైన్‌మెంటు అనేది డబ్బు గుంజే ఉపాయమని కొందరి వాదన. అరిగిన బుష్‌లను, బాల్ జాయింట్లను చూడకుండానే కోణాలు సరిచేసి బిల్లు చేతిలో పెట్టేచోట ఆ వాదన నిజమే. వదులైన కీలు మీద కుదిర్చిన కోణం నిలువదు. దిద్దుటకు ముందు, తరువాతి కొలతల కాగితం అడిగి తీసుకొనుట వాహనదారుని హక్కు. కాని ఆ కాగితం చదవడం రావాలి గదా!

మన విద్యార్థులలో స్టీరింగును, స్పానరును నమ్ముకొన్న ఇండ్ల నుండి వచ్చినవారున్నారు. షెడ్డులో పనిచేసే అన్నకు చేతి స్పర్శ తెలుసు, సైన్ తెలియదు. తమ్మునికి సైన్ తెలుసు, టైరును ముట్టి ఎరుగడు. కళాశాల కమిటీ వారికి నా మనవి ఒక్కటే. ఏడాదికి ఒక శనివారం అనుభవజ్ఞుడైన ఒక మెకానిక్కును భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఆహ్వానించి ఈ పాఠం చెప్పించండి. అరుగుదల గుర్తుల పటాన్ని తెలుగులో, ఉర్దూలో విద్యార్థులే వ్రాసి గోడకు తగిలించగలరు. కావలసిన సామగ్రి నాలుగు పాత టైర్లు. అవి ఏ షెడ్డులో అడిగినా ఊరకే ఇస్తారు.